కుట్టాక కోసిన బొంత

వదినకు,

మీరూ అన్నయ్యా వేరు కాపురం వెళ్ళేటప్పుడు మరిచిపోయిన నీలం చీరతో బొంత కుడుతున్నాను. కోపం తెచ్చుకోరని నమ్మకం. ఒక్కో చదరం కోసి అతికే ఓపిక నాకు లేదు. అందుకని రెండు రంగుల పొడుగు పట్టీలు పక్కపక్కన మిషను మీద కుట్టి, కుట్టినదాన్నే అడ్డంగా కోస్తున్నాను. ఒక వరస తిన్నగా, ఒక వరస తిరగేసి కలిపితే గళ్ళు వాటంతటవే వస్తాయి.

కత్తెర పెట్టగానే అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"కుట్టినదాన్ని కోస్తావేంటే? పుస్తకాలు చదివి చదివి మతి పోయిందా?"

రెండు వరసలు కలిపి చూపించాను. మర్నాడు అమ్మ తన పసుపు చీర తెచ్చి మిషను మీద పడేసింది.

"మీ వదిన నీలం పక్కన ఇది వేసి చూడు."

ఆ రోజు మీకూ తనకూ మాటా మాటా పెరిగాక అమ్మ మీ ఊసెత్తడం ఇదే మొదటిసారి. ఇప్పుడు బొంతలో ప్రతి నీలం గడి పక్కనా పసుపు గడే ఉంది.

నిన్న నెమ్మదిగా అంది: "వాళ్ళ మంచం కొలత కనుక్కో. నేనడిగానని మాత్రం రాయకు."

రాయనని మాటిచ్చాను. మీరూ చదవనట్టే ఉండండి వదినా. కొలత మాత్రం పంపండి.

మీ ఆడపడుచు