చీర బదులు టార్చిలైటు

21 సెప్టెంబర్ 1986, ఆదివారం. ఉదయం 7.00

నిర్ణయం అయిపోయింది. ఈ బతుకమ్మకు అక్కచెల్లెళ్లకు చీరలు పెట్టను!

బట్టల దుకాణం ఉన్నవాడు ఆడబిడ్డలకు చీరలు పెట్టడమంత తలనొప్పి వరంగల్‌లో ఇంకోటి లేదు. ఏది పెట్టినా ఒకటే మాట. "అమ్ముడుపోనిది మాకు అంటగడుతున్నవ్." పోయినేడు కేసముద్రం నుంచి వచ్చిన రాజక్క తన ఆకుపచ్చ చీరను, నెక్కొండ నుంచి వచ్చిన చెల్లె సావిత్రి గులాబీ చీరను పక్కపక్కన పెట్టి చూసింది. తన చీరను మంచం మీదే వదిలేసి ప్యాసింజర్ బండెక్కి వెళ్లిపోయింది. ఏడాదిగా మాటల్లేవు.

డైరీలో అబద్ధమెందుకు? ఆ ఆకుపచ్చ చీర రెండేళ్లుగా అమ్ముడుపోలేదు.

కానీ అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది రాజక్కే. అక్క రాని బతుకమ్మ నాకు వద్దు. ఎలాగైనా రప్పించాలి.

నియమాలు:
1. చీర మాటే లేదు.
2. ఇద్దరికీ చెరో చిన్న చార్జింగు టార్చిలైటు. కరెంటు కోతల్లో పనికొస్తుంది. దానికి కొంగుండదు, అంచుండదు, వంక పెట్టడానికి ఏమీ ఉండదు!
3. రెండూ అచ్చం ఒకేలా ఉండాలి.
4. పండుగ దాకా డబ్బాలు విప్పకూడదు.

అక్కకు కార్డు రాసి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. "ఈసారి చీర లేదు. వేరే వస్తువు. రా అక్కా."

22 సెప్టెంబర్, సోమవారం

నయీముద్దీన్ రేడియో దుకాణం. మూడు రకాలు చూపించాడు.

మొదటిది రొట్టెల కర్రంత పొడుగు. వద్దు. రెండోదానికి సైరన్ కూడా ఉంది. నొక్కితే బజారంతా ఆగి చూసింది. వద్దే వద్దు. మూడోది అరచేతిలో పడుతుంది. వెనక రెండు పిన్నులు, బయటికి లాగి గోడకు గుచ్చితే చార్జింగు. ఇదే!

కానీ ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. మూడో నియమం!

"రెండు ఒక్క తీరువే కావాలె నయీం భాయ్."

"ఎర్రదాంట్లకెల్లి వచ్చినా, పచ్చదాంట్లకెల్లి వచ్చినా వెలుగు ఒక్కటే గద సేటూ!"

"నీకు అక్కచెల్లెండ్లు లేరు. నీకు తెల్వది."

"బొంబాయి మాల్ ఎల్లుండి దిగుతది. జర ఆగు. ఫికర్ చెయ్యకు."

25 సెప్టెంబర్, గురువారం

రెండూ నీలం! కవలపిల్లల్లా ఉన్నాయి. డబ్బాలతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాను. నా అంత గట్టివాడు లేడు.

అక్క నుంచి కార్డు కూడా వచ్చింది. "తమ్మునికి దీవెనలు. సద్దుల బతుకమ్మ నాడు వస్త. కానీ చీరె కండ్లకు కనపడ్డదా, వచ్చిన బండికే తిరిగి పోత."

సంతోషం పట్టలేక మూడుసార్లు చదివాను. మూడోసారి కొంచెం భయం వేసింది.

26 సెప్టెంబర్, శుక్రవారం

వాడే ముందు పద్నాలుగు గంటలు చార్జింగు పెట్టాలని నయీం చెప్పాడు. అందుకే బీరువా తీశాను. ఇది డబ్బా విప్పడం కాదు, చార్జింగు పెట్టడం. రెండూ వేరు.

9.10 గోడకు గుచ్చాను.
9.25 కరెంటు పోయింది.
11.40 వచ్చింది.
12.00 పోయింది.

కరెంటు లేనప్పుడు వాడే వస్తువుకు కూడా ముందు కరెంటే కావాలని ఇప్పుడు తెలిసింది.

28 సెప్టెంబర్, ఆదివారం

నిండింది! వెలుగుతుందో లేదో చూడాలి కదా. ఒక్కసారి.

బీరువా కింద లైటు కొట్టాను. 1979లో పోయిన కొలత టేపు దొరికింది. దుకాణంలో కొనేవాళ్లు కూర్చునే గద్దె కింద కొట్టాను. మా గుమాస్తా కట్టయ్య దాచుకున్న బీడీ కట్ట దొరికింది. ఆపైన కట్టయ్యనే నోరు తెరవమని గొంతులోకి కొట్టాను. గొంతు ఎర్రగా ఉంది. బీడీలు మానమన్నాను. వస్తువు ఎంత మంచిదో!

ఒకదాన్ని చూసి రెండోదాన్ని చూడకపోతే సావిత్రికి అన్యాయం. దాన్నీ చూశాను.

30 సెప్టెంబర్, మంగళవారం

పండుగ బేరాలు. దుకాణం నిండా ఆడవాళ్లు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. లోపలి గదిలో చీర రంగులు కనిపించవు. ఎదురు దుకాణంవాడు కిరసనాయిలు దీపం పెట్టాడు. నేను, కట్టయ్య చెరో నీలం లైటు పట్టుకున్నాం.

"జర అంచు మీద కొట్టు సేటూ!" "ఇటు కొట్టు!" సందడే సందడి.

ఇది వాడటం కాదు. పరీక్ష కొంచెం ఎక్కువసేపు సాగింది, అంతే.

1 అక్టోబర్, బుధవారం

నిచ్చెన మీద నుంచి లైటు జారింది. నా చేతిలోదే. ఒక గీత పడింది. మూడో నియమం!

3.00 కత్తెర మొనతో రెండోదాని మీద కూడా అలాంటి గీతే గీశాను. కాస్త పొడుగైంది.
3.10 మొదటిదాన్ని పొడిగించాను. వంకర పోయింది.
3.20 రెండోదాన్ని వంకర తిప్పాను.
5.00 ఒక్కోదానికి ఏడేసి గీతలు. ఇప్పుడు సమానం. దూరం నుంచి చూస్తే డిజైను అనుకుంటారు.

4 అక్టోబర్, శనివారం

మా ఆవిడ సరస్వతి చూసేసింది.

"ఇవా ఆడబిడ్డలకు పెట్టేటియి? గీకిన వంట గంజుల తీరుగున్నయి!"

"డిజైను."

"చీరెలే పెట్టరాదుండ్రి?"

"పెట్టను! అక్క రావాలె."

మొదటి నియమం ఇంకా చెక్కు చెదరలేదు. మూడోది కూడా, వెలుతురు తక్కువ ఉంటే. నాలుగోదాని సంగతి వదిలేద్దాం.

11 అక్టోబర్, శనివారం. సద్దుల బతుకమ్మ

రాజక్క వచ్చింది!

గడపలో నిలబడి దండెం వైపు చూసింది, మంచం వైపు చూసింది. "చీరె లేదు గద?"

"లేదక్కా."

అప్పుడు లోపల కాలు పెట్టింది. నా తల నిమిరి, "బక్కగైనవ్ రా" అంది. నేను ఏడ్చాను. రాస్తే రాశాను, ఏమైంది?

మధ్యాహ్నానికి సావిత్రి దిగింది. లైట్లు దసరా నాడు పసుపు కుంకుమలతో ఇస్తాను. ఇంకా రెండు రోజులు. ఎవరికీ కనపడకుండా దుకాణం సొరుగులో, కత్తెరల పక్కన పెట్టాను.

12 అక్టోబర్, ఆదివారం. ఆయుధ పూజ

ఘోరం.

బంతిపూల కోసం బజారుకు వెళ్లి గంటలో వచ్చాను. ఇంటికి పెద్దదని అక్క పూజకు అన్నీ సిద్ధం చేసి పెట్టింది. కత్తెరలు, గజం బద్ద, కుట్టుమిషను, నా స్కూటరు. అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి వరసగా ఉన్నాయి. వరస చివర రెండు నీలం టార్చిలైట్లు!

"అక్కా, గివెందుకు?"

"గివి గూడ మిషన్లే గదరా. ఎంత జిడ్డు పట్టినయో! చింతపండు నీళ్లల్ల మంచిగ నానబెట్టి తోమిన."

నానబెట్టి!

పిన్నులు బయటికి లాగి మరీ తోమింది. తళతళ మెరుస్తున్నాయి. నొక్కాను. వెలుగు రాలేదు, పసుపు నీళ్లు వచ్చాయి.

వాటినట్టే నయీం ఇంటికి ఎత్తుకెళ్లాను. విప్పి వాసన చూశాడు. "పులుసు వాసనొస్తాంది సేటూ. ఖతం. ఇంకో జత ఈ పండుగకు దొరకది."

పెట్టడానికి ఇక మిగిలినవి: స్టీలు డబ్బా (అక్క ఇంట్లో అరల నిండా ఉన్నాయి). గోడ గడియారం (సావిత్రికి పోయినేడే అత్తగారు ఇచ్చింది). చీర (వచ్చిన బండికే తిరిగి పోత!).

ఒక్క చీర కనపడితే అక్క మళ్లీ వెళ్లిపోతుంది. అన్నం సయించలేదు.

13 అక్టోబర్, సోమవారం. దసరా

9.30 సరస్వతి ఇద్దరికీ బొట్టు పెట్టింది. ఇద్దరూ నా చేతుల వైపు చూశారు. నా చేతుల్లో ఏమీ లేదు. చచ్చిన లైట్లు రెండూ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. గీతల సంగతి కూడా.

రాజక్క వాటిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "అంటే... నాకు పెట్టేదాన్ని నేనే నానబెట్టిన్నా?"

ముందు సావిత్రి నవ్వింది. తర్వాత అక్క. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. నేనొక్కణ్నే నవ్వలేదు.

"పోనీ అక్కా, నీకేం పెట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

అక్క నవ్వు ఆగిపోయింది.

"గిప్పుడు అడిగినవా? పన్నెండేండ్లాయె నువ్వు దుకాణం పెట్టి. ఎవ్వలో తెల్వని బేరానికి నూరు చీరెలు ఇప్పి చూపిస్తవ్. నన్ను ఒక్కనాడన్న గద్దె మీద కూసుండబెట్టి 'అక్కా, ఏది కావాలె' అన్నవా? కట్టయ్య మడిచి ఇచ్చింది తెచ్చి ఒళ్లె పెడ్తవ్. నాకు కోపం చీరె మీద కాదురా."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

11.15 దుకాణం తలుపులు తీశాను. గద్దె మీది తెల్ల దుప్పటి మార్చాను. అక్కను నడిమధ్యన కూర్చోబెట్టాను. "అక్కా, ఏది కావాలె?" మొదటి నియమం గంగలో కలిసింది.

అన్ని అరలూ దించాను. నా చేతులతోనే ఒక్కొక్కటీ విప్పాను. కట్టయ్యను ముట్టుకోనివ్వలేదు. 4.30కి అక్క ఒకటి ఎంచుకుంది. నేను మొట్టమొదట చూపించినదే. అలవాటు కొద్దీ బేరం కూడా ఆడింది. నేనూ అలవాటు కొద్దీ గిట్టదన్నాను. సావిత్రి తనది ఇంకా చూస్తూనే ఉంది.

14 అక్టోబర్, మంగళవారం

ఉదయం బండికి అక్కను ఎక్కించాను. చీర ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి, "పైయేడు మా ఆడబిడ్డలను గూడ తోలుకొస్తరా! ఐదుగురు. మంచిగ చూపిస్తడని చెప్త" అంది.

సరేనని తలూపాను. బండి కదిలింది.

విప్పిన చీరలు మధ్యాహ్నం దాకా మడత పెడుతూనే ఉన్నాం. నడుములు పోయాయి. కట్టయ్య నాతో మాట్లాడటం లేదు.

సాయంత్రం 4.00. నిర్ణయం అయిపోయింది. వచ్చే బతుకమ్మకు చీరలు పెట్టను!

నియమాలు:
1. చీర మాటే లేదు.
2. అందరికీ చార్జింగు టార్చిలైట్లు. ఎవరి రంగు వాళ్లనే అడగాలి. అందరినీ ఒకే రోజు అడగకూడదు.
3. పండుగ దాకా డబ్బాలు విప్పకూడదు. (పరీక్షకని ఎర్రది ఒకటి ఇవాళే తెచ్చుకున్నాను. అది లెక్కలోకి రాదు.)
4. అక్క వచ్చి గద్దె మీద కూర్చుంటే ఒకటో నియమం చెల్లదు.