జీపెక్కి పోయిన బొమ్మల గురించి

గోదావరిఖని,
తూర్పు లైన్ల కాలనీ.

గౌరవనీయులైన జిల్లా అధికారి గారికి,
చిన్నపిల్లల సంక్షేమ విభాగం.

అయ్యా,

విషయం: తూర్పు లైన్ల కాలనీ అంగన్‌వాడీ టీచరు శ్రీమతి కనకవ్వ గారి సస్పెన్షన్ రద్దు చేయుట, సదరు కేంద్రానికి వేసిన తాళం తీయించుట, మరియు మూడేండ్ల పిల్లలను ఫోటోల కొరకు వాడుకొనుట మాన్పించుట గురించి.

పై విషయము పురస్కరించుకొని తమకు మనవి చేయునది ఏమనగా, నా పేరు జమున. మా నాయిన అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయిల కోల్ ఫిల్లరుగా చేసి, ఊపిరి చెడిపోయి మెడికల్ అన్‌ఫిట్ అయినందున, ఆ ఉద్యోగం వారసురాలిగా నాకు వచ్చినది. ప్రస్తుతం ఓపెన్‌కాస్టులో జనరల్ మజ్దూరుగా పనిచేయుచున్నాను. నా భర్త వేణుమాధవ్ లేత్ మిషన్ షాపుల పనిచేస్తడు. మాకు ఒక్కతే బిడ్డ, ఇందుశ్రీ. నాలుగేండ్లు నిండినయి. నేను ఫస్ట్ షిఫ్టుకు పోయేటప్పటికి అది లేవదు. నన్ను కన్న మా అవ్వ లింగవ్వ లేపి, కడిగి, అంగన్‌వాడీకి తోలుకపోయేది. సదరు కేంద్రం తల్లుల కమిటీకి నేను అధ్యక్షురాలిని. నన్ను ఎన్నుకున్నరు అనుట కంటే, ఇంకెవరూ ఒప్పుకోలేదు అనుట సత్యము.

1. ముందుగా కేంద్రం ఎట్లుండెనో తెలుపుకొనుచున్నాను. పాత క్వార్టర్లల్ల రెండు అర్రలు, పైన రేకులు. బ్లాస్టింగ్ అయినప్పుడల్లా గోడ సున్నం రాలి పిల్లల పళ్లెంల పడేది. అయినా మా పిల్లలు ఆదివారం సుత ఆడికి పోతమని ఏడ్చేటోళ్లు. కారణం కనకవ్వ టీచరు. ఆమె చేతికి చాక్‌పీసు తక్కువ, మాట ఎక్కువ. పొద్దుగాల పిల్లలందరిని చుట్టూ కూసోబెట్టుకొని, "మీ ఇంట్ల ఈ పొద్దు ఏం కూర?" అని అడిగేది. ఒకరు పప్పు అంటే, "ఎవరు వండిన్రు, పొయ్యి కాడ నువ్వేం చేసినవ్" అని ఇంకో ప్రశ్న. గట్ల ఒక్కొక్క పిల్ల నోరు తెరిచేది. చింతగింజలు పోసి పెద్దయి ఒక దిక్కు, చిన్నయి ఒక దిక్కు ఏరిపిచ్చేది. ఇందుశ్రీ ఒకరోజు ఇంటికొచ్చి, "అమ్మా, బొగ్గు ఎందుకు నల్లగుంటది?" అని అడిగింది. రోజంతా దాంట్లనే ఉండే నాకు తెల్వలె. మరునాడు కనకవ్వను అడిగితే, "నాకూ తెల్వదు బిడ్డా, ఇద్దరం కనుక్కుందామని దానికి చెప్పిన" అన్నది. చదువంటే అట్లనే షురూ కావాలె అని నేను అనుకున్న.

2. తదుపరి టీచరు చేతికి ఆఫీసు ఫోను వచ్చినది. పిల్లలకు ఇంటికిచ్చే గుడ్లు, పిండి కావాలంటే తల్లి ముఖం ఫోన్ల పడాలె, పాత ఆధార్ ఫోటోతోని కలవాలె అని నిబంధన పెట్టబడినది. అవ్వ ముఖం పనికిరాదు. నేను షిఫ్టు దిగి, బస్సు దిగి, సీదా కేంద్రానికి పోయిన. ముఖం నిండా బొగ్గు దుమ్ము. టీచరు ఫోను ఎత్తి పట్టింది. కలవలేదన్నది. నల్లా కాడ ముఖం కడుక్కొని వచ్చిన. మళ్ల కలవలె.

"కండ్లు ఆర్పాల్నట జమునా."

ఆర్పిన.

"మళ్ల ఆర్పు."

మళ్ల ఆర్పిన. పెండ్లికి ముందు దిగిన ఆ ఫోటోల నా చెంపలు వేరే ఉండె. ఆ చెంపలు ఇప్పుడు యాడికెళ్లి తేవాలె? వెనుక చాపల మీద పిల్లలందరూ మమ్మల్నే చూస్తున్నరు. టీచరు ఫోనుతోని కుస్తీ పట్టే ఆ టైములోనే అంతకుముందు పాటలు, కథలు, చింతగింజలు ఉండేవి. అవి ఎప్పుడు బందయినయో ఎవరికీ ఎరుక లేదు. కొన్నాళ్లకు ఇందుశ్రీ ఇంట్ల కొత్త ఆట ఆడింది. పెంకు ముక్కను ఫోను లెక్క పట్టుకొని, "అవ్వా, కండ్లు ఆర్పు. కలవలే. పో" అన్నది. నవ్వినం. తర్వాత నేను, వేణుమాధవ్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. ఇన్ని రోజుల్ల బిడ్డ నేర్చుకున్నది ఇది.

ఆ గుడ్లు కనకవ్వ టీచరు నాకు ముఖం కలవకుండనే ఇచ్చింది. "పిల్ల నా ముందే ఉన్నది, దాని ముఖం నాకు తెల్సు" అన్నది. ఈ సంగతి ఆమె మీద వేసిన అభియోగాలల్ల ఒకటిగా చేర్చబడినది.

3. అందరు తల్లుల లెక్కనే మేమూ భయపడి, బిడ్డను మెయిన్ రోడ్డు మీది ప్రైవేటు బడిల ఎల్‌కేజీకి తీసుకపోయినమని తెలియజేయుచున్నాను. ప్రిన్సిపాల్ చంద్రమతి మేడం ఇంటర్వ్యూ చేసిన్రు. మూడేండ్లు దాటిన పిల్లకు ఇంటర్వ్యూ. పసుపుపచ్చ అట్టముక్క చూపిచ్చి ఏం రంగు అని ఇంగ్లీషుల అడిగిన్రు. ఇందుశ్రీ, "బీరపువ్వు రంగు" అన్నది. నాకు ముద్దు పెట్టుకోవాలనిపించింది. మేడం నా దిక్కు చూసి, "ఇంట్లో తెలుగు కాస్త తగ్గించండమ్మా" అన్నరు.

చేర్చుకున్నరు. మా పిల్లది ఎడమచేతి వాటం. కొన్ని రోజులకు అది అన్నం తినేటప్పుడు ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకొని, దాని మీద కూసునుడు మొదలుపెట్టింది. ఎందుకే అంటే చెప్పదు. పక్క తడుపుడు ఎప్పుడో మానిన పిల్ల మళ్ల తడుపుతున్నది. సెకండ్ షిఫ్టు పడ్డ వారం నేనే బడికి పోయి, కిటికీల నుంచి చూసిన. ఎర్ర రిబ్బన్‌తోని ఎడమ చెయ్యి కుర్చీ కాలుకు కట్టి ఉన్నది. కుడి చేత్తోని ఒకటి నుంచి వంద దాకా రాస్తున్నది.

"చెయ్యి ఎందుకు కట్టిన్రు మేడం?"

"కట్టలేదమ్మా, గుర్తు కోసం రిబ్బన్ పెట్టాం. ఇప్పుడు మారకపోతే ఇక మారదు."

"నాలుగేండ్లు నిండని పిల్లకు వంద దాకా ఎందుకు మేడం?"

"నన్నడుగుతారేంటమ్మా. నేను రాయించకపోతే మీ కాలనీవాళ్లే పక్క బడికి వెళ్లిపోతారు. పుస్తకం నిండితేనే చదువు చెప్పినట్టు మీకు. ఆడించి పంపిస్తే ఫీజు ఎందుకు కట్టాలంటారు."

మా కాలనీల ఆ మాట అనే తల్లులు ఉన్నరు. అయితే ఆమె అట్ల చెప్తుంటే కూడా రిబ్బన్ విప్పలేదు. నేనే విప్పి, బిడ్డను ఎత్తుకొని వచ్చిన. మళ్ల పోలేదు.

4. ఇగ అసలు విషయం. ఇది రాస్తుంటే రోత పుడుతున్నది, అయినను రాయక తప్పదు.

బిడ్డను తిరిగి అంగన్‌వాడీల వేసినంక, రాజధాని నుంచి పెద్ద సారు తనిఖీకి వస్తున్నరని కబురు వచ్చింది. ఆ రోజు నాకు ప్లేడే, అనగా వారపు సెలవు, గనుక అంతా నా కండ్ల ముందు జరిగినది. ఒకరోజు ముందు సూపర్‌వైజర్ కృష్ణప్రియ మేడం వచ్చి గోడలకు సున్నం వేయించి, ఏనుగులు, నెమళ్ల బొమ్మల కాయితాలు అతికించిన్రు. తనిఖీ నాడు పొద్దుగాల జీపుల పెద్ద పెట్టె దిగింది. చెక్క రైలు, రంగుల దిమ్మెలు, చిన్న డోలు, వంటసామాను. మా పిల్లలు అసువంటివి టీవీల తప్ప చూసి ఎరుగరు. చాపల మీద వరుసగ పేర్చిన్రు. ఎదురుగ పిల్లలను కూసోబెట్టిన్రు.

"సార్ వచ్చేదాక ఎవ్వరూ ముట్టుకోవద్దు" అని మేడం చెప్పిన్రు.

చేతులు కట్టుకొని కూసున్నరు. పొద్దెక్కింది. సారు రాలె. ఒక పిలగాడు లాగుల పోసుకున్నడు. వాణ్ణి వెనుకకు జరిపి, ఆ జాగల ఇంకో పిల్లను కూసోబెట్టిన్రు. ఆ పిల్లలు రెండేండ్లు, మూడేండ్లు, నాలుగేండ్ల వాళ్లు. ఎదురుగ రైలు ఉంటే చెయ్యి చాపకుండ గంటల కొద్ది కూసున్నరు. నేను చూసినదాంట్ల ఇంతకంటే కఠినమైన డ్యూటీ లేదు.

మధ్యాహ్నం సారు వచ్చిన్రు. నవ్వుకుంట, "ఆడుకోండి, ఆడుకోండి" అన్నరు. ఒక్క పిల్ల కదలలె. సారు వంగి ఇందుశ్రీని అడిగిన్రు, "ఎందుకు ఆడుకుంటలేవమ్మా?"

"ముట్టుకోవచ్చా?" అన్నది నా బిడ్డ.

సారు ముఖం కొంచెం మారింది. "రోజూ వీటితోనే ఆడిస్తారు కదా?" అని అడిగిన్రు. కృష్ణప్రియ మేడం అవును సార్ అన్నరు. సారు కనకవ్వ దిక్కు చూసిన్రు.

"లేదు సార్" అన్నది కనకవ్వ. "ఈ పొద్దే వచ్చినయి. మీరు పక్క సెంటర్‌కు పోయేలోపు అవి సుత అక్కడికి పోతయి."

ఆమె గొంతు పెంచలేదు. కొంగు సదురుకొని, ఇంట్ల ఏం కూర అని అడిగినంత మామూలుగ చెప్పింది. సారు ఫోను చూసుకొని, "టైం అయితున్నది, ఫోటో కానిద్దాం" అన్నరు. ఫోటో అయింది. సారుకు శాలువా కప్పిన్రు. పోయిన్రు.

ఆ వెంటనే బొమ్మలు ఏరుడు మొదలైంది. అప్పుడే ముట్టుకున్నరు పిల్లలు, అప్పుడే గుంజుకున్నరు. ఇందుశ్రీ చేతిల రైలు డబ్బా ఒకటి ఉండె. డ్రైవరు దాని ముందు కూసొని, "ఇయ్యి తల్లీ, నాకు మాట వస్తది" అని బతిమిలాడిండు. ఆయన తప్పు లేదు. నేనే దాని వేళ్లు ఒక్కొక్కటి విడిపించి ఇచ్చిన. పెట్టె జీపెక్కింది. అయ్యా, బొగ్గు దుమ్ము రోజూ నోట్ల పడుతది, ఉమ్మేసి నీళ్లు తాగితే పోతది. ఆ రోజు నోట్లకొచ్చిన చేదు ఇంకా పోలె.

5. తదనంతరం కనకవ్వ గారికి మెమో ఇచ్చి, ఆపై సస్పెండు చేసినారు. అతిథుల ఎదుట దురుసు ప్రవర్తన, ముఖ గుర్తింపు లేకుండా సరుకుల పంపిణీ, హాజరు తక్కువ అని కారణములు చూపినారు. కేంద్రానికి తాళం వేసి, మూడేండ్లు దాటినోళ్లను రోడ్డు అవతలి ప్రైమరీ బడిల పెట్టిన ప్రీ-ప్రైమరీకి పంపుమన్నరు. ప్రీ-ప్రైమరీ పెట్టుట మంచిదే, నేను కాదనను. పోయి చూసి వచ్చిన. చిన్నపిల్లలకని వేరే టీచరు లేరు. ఒకటో తరగతి వెనుక వరుసల కూసోబెట్టి, గలాట చెయ్యకుండ నోటి మీద వేలు పెట్టించిన్రు. బోర్డు మాత్రం కొత్తది, రంగురంగులది. నడుమ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు ఒకదాని తోక పట్టుకొని ఒకటి పోతనే ఉంటయి. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఎవరు దాటియ్యాలె?

కృష్ణప్రియ మేడం మా ఇంటికి కాయితం తెచ్చిన్రు.

"సంతకం పెట్టు జమునా. ఆమెకేం కాదు, కొన్నాళ్లకు మళ్ల ఇస్తరు."

"ఏం రాసి ఉన్నది మేడం?"

"కేంద్రానికి బొమ్మలు అందినయని. టీచరు సరిగ్గ మాట్లాడలేదని."

"బొమ్మలు ఏవి?"

"వస్తయి."

"వచ్చినంక పెడత."

మేడం కాయితం మడిచి బ్యాగుల పెట్టుకున్నరు. తర్వాత మెల్లగ, "ఇన్ని సెంటర్లకు నాకు ఒక్క పెట్టె ఇచ్చిన్రు జమునా. అన్ని చోట్ల ఉన్నట్టు చూపియ్యుమన్నరు. నేనేం చెయ్యాలె?" అన్నరు. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు జాలి అయింది, అది దాచను. కాని ఈ మాట ఆమె తమకు రాయవలసి ఉండె. అది రాయకుండ కనకవ్వ మీద రాసిన్రు.

6. ప్రస్తుత పరిస్థితి. పిల్లలు మా క్వార్టర్ వరండాల కూసుంటున్నరు. కనకవ్వ టీచరు జీతం లేకున్నా వస్తున్నది. మా అవ్వ గంజి కాస్తున్నది. ఇందుశ్రీ ఎడమ చేత్తోని అన్నం తింటున్నది, మా అవ్వ ఏమీ అంటలేదు.

కావున తమరిని కోరునది ఏమనగా, నిజం చెప్పినందుకు ఒక మనిషిని ఇంటికి పంపుట తమ విభాగానికి మర్యాద కాదు. ఆమెను తిరిగి తీసుకోండి. తాళం తీయించండి. ముఖాలు కలిపే ఫోను పనికి వేరే మనిషిని పెట్టి, పిల్లలను చూసే పని టీచరుకు వదిలెయ్యండి, ఒక్క మనిషి రెండూ చెయ్యలేదు. రోడ్డు అవతల బడే కావాలంటే, అక్కడ చిన్నపిల్లల టీచరును పెట్టి, దాటించే మనిషిని ఇచ్చి, అప్పుడు పిలవండి, మేమే తోలుకొస్తం. బొమ్మలు ఇయ్యకున్నా నడుస్తది. చింతగింజలు మాకున్నయి. ఇచ్చి గుంజుకునుడు మాత్రం ఇంకో కేంద్రంల జరగనియ్యకండి.

ఆ తనిఖీకి తమరు రాలేదని తెలిసినది. అందుకే, ఆ ఫోటోల తమరు లేరు గనుకనే, తమకు రాసుకుంటున్న. వంద ఫైళ్ల నడుమ దీనిని ఒక్కసారి చివరిదాకా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
జమున,
తల్లుల కమిటీ అధ్యక్షురాలు.

తా.క.: ఈ అర్జీ కవరుల పెట్టేముందు కృష్ణప్రియ మేడం ఫోన్ చేసిన్రు. మా వరండా సంగతి పైకి తెలిసిందట. ఎవరూ కోపం చెయ్యలేదట. తల్లుల భాగస్వామ్యం కింద చూపిస్తరట, పిల్లలు పాట పాడుతున్నట్టు ఒక ఫోటో తీసి వెంటనే పంపుమన్నరు, దాంట్ల కనకవ్వ కనపడకుండ చూసుకొమ్మన్నరు. పిల్లలు అన్నం తిని ఇప్పుడే పండుకున్నరు మేడం, నేను లేపను అని చెప్పి ఫోను పెట్టేసిన.