అత్తయ్య చావు కబురు

1948 శ్రావణం, మంగళవారం. జగ్గయ్యపేట.

అత్తయ్య పోయిందని పది రోజుల కిందట, సరిహద్దు అవతల నవాబు రాజ్యంలో ఉన్న అక్కకు నేనే ఉత్తరం రాశాను. చావు కబురుంటే తప్ప నవాబు పోలీసులు ఎవరినీ సరిహద్దు దాటనివ్వడం లేదు. ఎలాగైనా అక్కనీ బావనీ ఇవతలికి రప్పించాలి. చావు ఉత్తరం ఎవరూ దాచరు, చదివిన చోటే చింపేస్తారు కదా, రుజువు మిగలదనుకున్నాను.

ఈరోజు మా కొట్టుకు ఒక కొత్త మనిషి వక్కల కోసం వచ్చాడు. అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉంది.

"శెట్టిగారికి మీరేమైతరమ్మా?"

"మేనత్తని నాయనా."

"ఇంకో మేనత్త ఉండెనా?"

"లేదు. నేనొక్కదాన్నే," అంది సంబరంగా.

అతను వక్కలు తీసుకోకుండానే సరిహద్దు వైపు వెళ్లిపోయాడు. ఉత్తరం అక్కకు చేరకముందే నవాబు పోలీసులు విప్పి చదివారని అప్పుడు తెలిసింది.

అక్కావాళ్లు ఇంకా రాలేదు. వాళ్లను ఏం చేస్తారో...

ఇక్కడ మనకు స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైంది. అయినా రేపటి నుంచి గుమ్మంలోకి రావద్దని అత్తయ్యకు చెప్పాను.

"ఎందుకురా?" అంది.

నువ్వు చచ్చిపోయావని నేనే రాశానని ఎలా చెప్పను?