మూడో హర్డిల్ దగ్గర తీసిన ఫోటో

నాకు డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్లు ఆటల మైదానాల్లో పత్రికలకు ఫోటోలు తీశాను. చూపు తగ్గినా మతి స్థిమితంగానే ఉందని వకీలు గారు పది ప్రశ్నలడిగి మరీ తేల్చుకున్నారు. ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వార్జితం గురించి నా ఇష్టప్రకారం రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. మేడమీది స్టూడియో గది, అందులోని దీపాలు, తెరలు సర్వహక్కులతో నా మేనకోడలికి చెందాలి. ఈ వీలునామా అమలు బాధ్యతా తనదే. వానాకాలం కిటికీ రెక్క ఉబ్బి మూసుకోదు. మొహమాటపడకుండా కాలితో తన్నాలి.

2. నెగటివ్‌ల పెట్టెలన్నీ పత్రికాఫీసు లైబ్రరీకి. షరతు: ఎవరూ వాటిని కత్తిరించి అచ్చువేయకూడదు. పాత ఎడిటర్ ఒకసారి గోల్‌కీపర్ చేతులు కత్తిరించేసి, బంతిని గాల్లో వదిలేశాడు. ఆయన్ని నేనింకా క్షమించలేదు.

3. పరుగుల అమ్మాయి మూడో హర్డిల్ మీద తేలుతున్న ఫోటో నాకు పేరు తెచ్చింది. దాని గురించి ఒక నిజం నమోదు చేయాలి. ఇరవై ఆరేళ్ల కిందట, నాలాగే ఫోటోలు తీసే నా తమ్ముడు ఆటోఫోకస్ కెమెరా కొన్నాడు. "అక్కా, రెప్పపాటులో ఫోకస్ పట్టేస్తుంది" అని మురిసిపోయాడు. "పట్టాల్సింది చెయ్యిరా, డబ్బా కాదు" అన్నాను, పదిమందిలో. అప్పటికే నా చూపు మసకబారుతోంది. ఎవరికీ చెప్పలేదు. పోటీ రోజు లెన్సు ఎంత తిప్పినా బొమ్మ తేటపడలేదు. తమ్ముడు కెమెరా బల్లమీద పెట్టి టీకి వెళ్లాడు. అది తీసుకున్నాను. అమ్మాయి ఎగిరింది, నొక్కాను. రీలు తమ్ముడిదే. వాడే కడిగి, నా పేరు రాసి ఆఫీసులో ఇచ్చాడు. "చెయ్యంటే ఈవిడదే, యంత్రాలకేం తెలుసు!" అని అందరూ పొగిడారు. పక్కనే వాడున్నా నేను నోరు విప్పలేదు. "నా కెమెరా బాగానే పనిచేసిందా అక్కా?" అని తర్వాత వాడు అడిగితే ఎత్తిపొడుపనుకున్నాను. అప్పటినుంచి వాడితో ముక్తసరి మాటలే. ఇకపై ఆ ఫోటో కింద ఇద్దరి పేర్లూ ఉండాలి.

4. నేను చేత్తో తిప్పి వాడిన లెన్సు తమ్ముడికి చెందాలి.

ఈ నాలుగో అంశం కొట్టివేయడమైనది. కారణం: కబురు పంపితే తమ్ముడు వచ్చాడు. పైది చదివించుకుని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయి మూడో హర్డిల్ దగ్గరే అందరికన్నా ఎత్తు ఎగురుతుందని కెమెరా చెప్పిందా అక్కా? మిగతావాళ్లంతా గెలుపు గీత దగ్గర గుంపుగా నిలబడ్డారు" అన్నాడు. సాక్షి సంతకం తనే పెడతానన్నాడు. ఆస్తి పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెడితే ఆ ఆస్తి వాళ్లకు చెల్లదని వకీలు గారు చెప్పారు. "అయితే లెన్సు మా అమ్మాయికే ఇవ్వండి. నేను సంతకం పెడతాను" అన్నాడు. ఎందుకురా అన్నాను. "ఆ రోజు చూసింది నేనొక్కణ్ణే. టీ అయిపోయినా, నువ్వు ఫోటో తీసేదాకా టీ బండి దగ్గర్నించి కదల్లేదు."

వాడి మాట ప్రకారం లెన్సు మేనకోడలికే.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం

సంతకం: మైదానం అక్క

సాక్షులు:
కింది అంతస్తు టైలర్
తమ్ముడు