బూడిద రంగు ప్యాకెట్టు

అనకాపల్లి,
18 జనవరి 2009

తమ్ముడు స్టాన్లీకి,

దేవుని దయవల్ల అమ్మా, నేనూ, పిల్లలూ బాగానే ఉన్నాం. నువ్వు మాత్రం బాగాలేవని నీ ఉత్తరం చూశాక తెలిసింది. అది చదివిన పూట నేను మారు అన్నం వడ్డించుకుని తిన్నాను. ఉన్నమాట దాచడం నాకు చేతకాదు.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి మళ్ళీ వచ్చింది. పొయ్యి ముందు కూర్చునే పనీ మళ్ళీ వచ్చింది కదా, సంతోషంగానే మూలుగుతోంది. ముందటేడు క్రిస్మస్‌కి తొమ్మిదిళ్ళవాళ్ళే పాకుండలు చేయించుకున్నారు. మొన్న క్రిస్మస్‌కి నలభై ఇళ్ళు. మీ కంపెనీ పాకుండలు కొట్లలో అలాగే పడి ఉన్నాయి. పండక్కి బూడిద రంగు ప్యాకెట్టు ఎవరు కొంటారురా?

అమ్మ వాయికొకసారి అది ఎవరింటికో చెప్పి నూనెలో వేసేది, గుర్తుందా? "ఇది తబితా ఇంటికి. ఇది పైడితల్లి ఇంటికి." ఊళ్ళో అందరికీ ఆ మాటంటేనే ప్రాణం. ఏడాదిన్నర కిందట నువ్వు చదువు కోసమని చెప్పి ఆ మాట రికార్డు చేశావు. చర్చి హాల్లో ఆడవాళ్ళ తలలకి మెదడు చదివే మిషను తీగల టోపీ పెట్టి వినిపించావు. కాగితం మీద గీత అన్ని మాటలకన్నా ఆ మాటకే పైకి లేచిందని ఎగిరి గంతేశావు. మూడు నెలలు తిరక్కుండా ప్యాకెట్ల మీద అచ్చేశారు, 'ఇది మీ ఇంటికే' అని. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

అప్పట్నుంచీ అమ్మ నోరు విప్పకుండానే వండుతోంది. ఎందుకని అడిగాను.

"ఆ మాట కంపెనీవోలది అయిపోనాదే. మళ్ళా మనం అదే అంటే ఏటనుకుంటారో" అంది.

ఆ రోజే నేను పళ్ళు బిగించాను.

ఇక నువ్వు మూడుసార్లు అడిగిన ప్రశ్న. పదహారుమంది మెదళ్ళూ ఒక్కటే అబద్ధం ఎలా చెప్పాయని. ఆగస్టులో ప్యాకెట్టుకి బూడిద రంగా, పసుపు రంగా అని తేల్చే రెండో పరీక్షకి వస్తున్నావని నువ్వు ఫోన్ చేయగానే వాళ్ళందరినీ తబితా పిన్ని ఇంటికి పిలిచి టీ ఇచ్చాను. బూడిద రంగు ప్యాకెట్టు కనబడితే తొలిచూలు బిడ్డని ఒళ్ళో పెట్టిన రోజు తలుచుకోమన్నాను. పసుపు రంగుది కనబడితే ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి చదివే ప్రకటనలు తలుచుకోమన్నాను.

"పెద్దోడు పుట్టింది తలుసుకుంటే నాకు ఏడుపొత్తాదే రోజమ్మా" అంది తబితా పిన్ని.

"రానీ పిన్నీ, మిషనుకి అదే కావాల" అన్నాను.

వారం రోజులు సాయంత్రాలు అక్కడే సాధన చేయించాను. నోటితో అడిగినప్పుడు పసుపుదే బాగుందని అందరూ నిజమే చెప్పారు. కానీ నోరు అబద్ధమాడుతుంది, మెదడు ఆడదని నువ్వే కదా అంటావు. నమ్మి బూడిద రంగుకే ఓటేశారు మీవాళ్ళు.

చేసింది నేనే. ఈ సంగతి మీ పెద్దసారుకి చెప్పుకుంటావో, ఉద్యోగం పోగొట్టుకుంటావో నీ ఇష్టం. నాకు పశ్చాత్తాపం రాలేదు. వస్తుందేమోనని అయిదు నెలలు చూశాను కూడా.

అమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెబితే నన్ను తిట్టి నీకు ఫోన్ చేసేది. పదిహేడో మనిషిగా తనకు తోచినట్టు కూర్చుంది. అమ్మ గీత ఏ రంగు వచ్చినా పైకే లేచిందనీ, మిషను తప్పని ఆ కాగితం చింపేశామనీ రాశావు.

మిషను బాగానే ఉందిరా. ప్యాకెట్లు మారుస్తూ అమ్మకి ఎదురుగా కూర్చున్నది నువ్వు.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
రోజలిన్