సగం బండ

బుక్కరాయసముద్రం,
శుక్రవారం.

కల్పనా,

ఇంటీరియర్ డిజైన్ క్లాసు మానేశావట. ప్లాను గీయడం నీకు చేతకాదని నువ్వే తేల్చుకున్నావట. చేతకానిది నాకు.

మీ నాయన చక్రాల కుర్చీ తిరిగేలా స్నానాల గది ప్లాను గీస్తానని కొలతలు అడిగావు. టేపుకు రెండో కొన పట్టుకునే మనిషి కావాలి. కాళ్లు పడిపోయి, ఒకరు దింపందే మంచం దిగలేని వాణ్ణి ఏమని అడగను? మన ఊళ్లో అందరిలాగే నేల బండలు లెక్కపెట్టాను. బండకు రెండడుగులు, మూడు బండలు, ఆరడుగులని రాసి పంపాను. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మహాతల్లిని కదా! గోడవార నీళ్ల డ్రమ్ము మాత్రం జరపలేదు.

మేస్త్రీ కుళ్ళాయప్ప నీ ప్లాను ప్రకారమే కమోడు బిగించాడు. తరవాత డ్రమ్ము జరిపితే కింద సగం బండే ఉంది. "ఏం టీచరమ్మా, సగం బండను నిండు బండ చేసినావే" అని నవ్వాడు. కుర్చీ లోపలికి పోయింది, తిరగలేదు. నీ గీతలో తప్పు లేదు. నువ్వు ఫోనులో నెల రోజులుగా ఏడుస్తుంటే, ఆ మాట చెప్పకుండా "ఊరుకో" అన్నాను.

మళ్లీ క్లాసుకు పొమ్మనే ముఖం నాకు లేదు. మీ నాయన గది పగలగొట్టొద్దన్నాడు, మంచమే చాలన్నాడు. నిన్న డ్రమ్ము సంగతి వాడికి చెప్పాను.

"టేపు కొన నన్ను పట్టుకోమని అడిగింటే పట్టుకునేవాణ్ణి కదమ్మా" అన్నాడు.

వాడి చేతులకు ఏమీ కాలేదు, కల్పనా.

మీ అవ్వ