పండుకున్న తీగలకు బకెట్ నీళ్ళు

జనవరి 6, 1996 – శనివారం

చంపేశారు. నా అల్లమండ పూల తీగలను నీళ్ళు పోసి మరీ చంపేశారు. మూడు రోజులు నన్ను ఎడారి అవతల మెసయీద్ ఊరి గేటు దగ్గర మొక్కలకు గుంతలు తవ్వే పనికి పంపి, వెనక ఈ నిర్వాకం. నర్సరీ క్యాబిన్ తలుపు తీయగానే కుళ్ళు వాసన. ఎనిమిది కుండీల కింద పళ్ళేల నిండా నీళ్ళు.

ఉత్తర గాలి తగిలితే మాడిపోతాయని నవంబరులోనే కత్తిరించి లోపల పెట్టాను. చలికాలం ఇవి నిద్రపోతాయి. ఆకు రాలుస్తాయి... రాల్చనివ్వాలి. పది రోజులకోసారి మట్టిలో వేలు గుచ్చి చూసి గ్లాసెడు నీళ్ళు. అంతే. ఇంజినీరు మేడమ్ పారేసిన ఇంగ్లీషు మొక్కల పుస్తకం, డిక్షనరీ ముందు పెట్టుకుని నెల రోజులు చదివాను. ఫోర్‌మన్ ఒక్క పేజీ చదివాడా?

జనవరి 7

ఫోర్‌మన్ సుబ్బారావును అడిగేశాను.

"ఎండిపోతున్నాయని నేనే పొయ్యమన్నానయ్యా, రోజూ బకెట్టు. ఎడారిలో నీళ్ళు పోస్తే తప్పా?"

"ఎండకాలం లెక్క వేరే సార్. ఇప్పుడు అవి పండుకున్నయ్."

"పండుకున్నాయా! దుప్పటి కూడా కప్పావా?"

అందరూ నవ్వారు. తర్వాత అసలు మాట — మార్చిలో పూస్తే నర్సరీలో ఉంటానట, పూయకపోతే కాంక్రీటు పనికట. పోయించింది తను. పోయేది నేను!

జనవరి 8

పోసింది లింగన్న.

నా పై మంచం మనిషి. మా కరీంనగర్ దిక్కు మనిషి. నాకు ఈ పని నేర్పిన మనిషి. సీసాలో గుక్కెడు మిగిలినా ఇసుకలో పారబోయొద్దు, దారిలో మొక్కకు పోయాలి — క్యాంపులో అందరికీ ఆ అలవాటు చేసింది అతనే. బకెట్ ఫోర్‌మన్ హుకుం. ఆపైన సీసా కూడా వంచాడు, జాలితో.

"మోడులెక్క నిలబడ్డయ్ తమ్మీ... పానం ఒప్పలే."

"నీ పానం ఒప్పక నా పానం తీసినవ్ గదనే అన్నా!"

అనకూడదు. అన్నాను. అన్నం సగంలో లేచిపోయాడు.

జనవరి 9

గోరుతో బెరడు గీకాను. మూడింటిలో లోపలిదాకా గోధుమ రంగు. ఐదు — పచ్చగా ఉన్నాయి! దారమంత పచ్చదనం, కానీ ఉంది. కుళ్ళిన వేళ్ళు కోసి, పొడి ఇసుక కలిపి మళ్ళీ నాటాను. తలుపు సందులో గోనెసంచి కుక్కాను.

సాయంత్రానికి గడప దగ్గర మళ్ళీ నిండు బకెట్.

జనవరి 10 – బుధవారం

బకెట్ అలాగే ఉంది. పక్కన లింగన్న సీసా, మూత బిగించి, సగం నీళ్ళతో. పొయ్యలేదని ఫోర్‌మన్ అరిచాడట. "తమ్మి చెప్పెదాంక సుక్క గూడ పొయ్య" అన్నాడట అన్న. నాతో మాత్రం ఇంకా మాట్లాడడం లేదు. ఇప్పుడు అతని పనికీ ఎసరు.

కాగితం రాసి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టాను. మాట మార్చకుండా ఇక్కడ నకలు —

"ఐదు తీగలు బతికున్నాయి. క్యాబిన్ తాళంచెవి నాకివ్వండి. మార్చి దాకా ఇంకెవరూ నీళ్ళు పోయకూడదు. మూడు చచ్చింది మీ మాట వల్లనని మీ చేత్తో రాసివ్వండి. లింగన్నను ఏమీ అనొద్దు. రేపు గురువారం సాయంత్రం డ్యూటీ బస్సు కదిలేలోపు జవాబు కావాలి."